డిక్కీ కొలిచాకే ఊఫర్!

విజయవాడ ఆటోనగర్. లారీ బాడీల మీద పడుతున్న సుత్తి దెబ్బల మధ్య ఓ కార్ డెకార్ షాపు ముందు కొత్త హ్యాచ్‌బ్యాక్ వచ్చి ఆగింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. బానెట్ మీద పసుపు, కుంకుమ ఆరలేదు. డ్రైవింగ్ సీట్లోంచి దిగిన కుర్రాడు అటూ ఇటూ చూడకుండా గోడకు తగిలించిన 12 అంగుళాల సబ్‌ఊఫర్ దగ్గరికి నడిచాడు.

"అన్నా, ఇదే కావాలి."

షాపతను ఆ స్పీకర్ వంక చూడనైనా చూడలేదు. వెళ్లి డిక్కీ ఎత్తాడు. సగం చోటు సీఎన్జీ సిలిండర్‌దే. మిగిలిన దాంట్లో ఓ గొడుగు, నీళ్ల సీసాల కట్ట. వాటిని పక్కకు జరిపి టేపు తీశాడు. పొడవు, వెడల్పు, ఎత్తు, ఆపైన వెనక సీటు వాలు. అంకెలన్నీ అట్టముక్క మీద రాసుకుని లెక్క కట్టాడు.

"తమ్ముడూ, బాక్సుకి నీ దగ్గరున్నది 18 లీటర్లు. గోడకున్నది 35 అడుగుద్ది. పెట్టమంటే పెడతా. మోత వస్తది, పాట రాదు."

కుర్రాడి మొహం చిన్నబోయింది. ఇంతలో పక్క సీట్లోంచి దిగిన తండ్రి కల్పించుకున్నాడు. "మా అమ్మని తిరుపతి తీసుకెళ్లాలి బాబూ. సూట్‌కేసు పట్టే చోటన్నా వదలండి."

రీల్స్‌లో బేస్‌కి వెనకద్దం వణికిపోయే వీడియోలు చూసి వచ్చే కుర్రాళ్లకూ, డిక్కీలో చోటు లెక్కబెట్టుకునే పెద్దవాళ్లకూ మధ్య ఇప్పుడు ఊరూరా నడుస్తున్న సంభాషణ ఇది. కార్లు చిన్నవయ్యాయి. డిక్కీలు ఇంకా చిన్నవయ్యాయి. పాటలో బేస్ మాత్రం పెరుగుతూనే ఉంది. చిన్న పెట్టెలో మంచి బేస్ రాదని చాలామంది ముందే ఆశ వదులుకుంటున్నారు. కొందరు పట్టని స్పీకర్‌ని పట్టించి డబ్బు పోగొట్టుకుంటున్నారు. రెండూ అక్కర్లేదు. ముందు చోటు తేల్చుకుని, ఆ చోటుకు సరిపడే స్పీకర్‌ని వెతుక్కుంటే 15 లీటర్ల పెట్టెలోంచి కూడా పాట తన లోతుతో సహా వస్తుంది.

డిక్కీలు ఎందుకు కుదించుకుపోయాయి?

2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు అన్నది షరతు. అప్పటినుంచీ మన కార్ల కంపెనీలు చాలా బండ్లను ఆ గీతకు లోబడే గీస్తున్నాయి. 2012లో మారుతి డిజైర్‌ను 3,995 మిల్లీమీటర్లకు కత్తిరించినప్పుడు దాని డిక్కీ 440 లీటర్ల నుంచి 316 లీటర్లకు పడిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కాబట్టి ఆ గీతకు ఉన్న విలువ ఇంకా పెరిగినట్టే.

పైగా సీఎన్జీ. టాటా పంచ్ పెట్రోల్ మోడల్‌లో డిక్కీ 366 లీటర్లయితే, రెండు చిన్న సిలిండర్లను అడుగున పడుకోబెట్టిన సీఎన్జీ మోడల్‌లో 210 లీటర్లు. ఒకటే పెద్ద సిలిండర్ ఉన్న బండ్లలో ఆమాత్రం కూడా మిగలదు. కిలోమీటరుకు రూపాయల లెక్క చూసుకునే కుటుంబం సిలిండర్‌ని వదులుకోదు, వదులుకోమని చెప్పడం న్యాయమూ కాదు. అందుకే షాపుల్లో ఇప్పుడు మొదట వినపడే ప్రశ్న 'ఎన్ని అంగుళాలు?' అని కాకుండా 'ఎన్ని లీటర్లు?' అని ఉండాలి.

తలుపు స్పీకర్లు చేతులెత్తేసే చోటు

అసలు సబ్‌ఊఫర్ ఎందుకు? మామూలు బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మంద్రమైన తీగ సెకనుకు 41 సార్లు, అంటే 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఇళయరాజా పాటల్లో పల్లవి కింద నడిచే ఆ బేస్ గిటార్ నడకే సగం ప్రాణం. చిన్న కారు తలుపులో బిగించి వచ్చే స్పీకర్లు 80 హెర్ట్జ్ కిందికి దిగేసరికి చేతులెత్తేస్తాయి. అయినా మనకు రాగం అర్థమవుతుంది. పై స్వరాలను బట్టి లేని మంద్రాన్ని మెదడు పూరించుకుంటుంది. వినపడని దాన్ని ఊహించుకోవడం వేరు, అది గుండెకు తగలడం వేరు.

పైగా రోడ్డు. టైర్ల రొద, ఇంజిన్ గుర్రు, గాలి, ఇవన్నీ ఎక్కువగా కింది స్వరాల మీదే పడి వాటిని మింగేస్తాయి. ఇంటి దగ్గర ఆపిన కారులో నిండుగా ఉన్న పాట హైవే ఎక్కగానే పేలవంగా అనిపించేది అందుకే. అప్పుడు మనం చేసే పని వాల్యూమ్ పెంచడం. పెరిగేది గాయకుడి గొంతు, తాళాల మోత. చెవికి అలసట వస్తుంది తప్ప పాటకు పునాది రాదు. మోత పెంచకుండానే పాట నిండుగా వినపడాలంటే, అన్నిటికన్నా ముందు కావలసింది సబ్‌ఊఫరే.

హైదరాబాద్ విమానాశ్రయానికి రాత్రిళ్లు క్యాబ్ నడిపే ఒకాయన కారులో సీటు కింద చిన్న ఊఫర్ ఉంది. పార్కింగ్‌లో ట్రిప్పు కోసం చూస్తూ పాత పాటలు పెట్టుకుంటాడు. వాల్యూమ్ ఎంత తక్కువంటే, పక్క కారులో కునుకు తీస్తున్న డ్రైవర్‌కి వినపడదు. "సౌండ్ కోసం పెట్టిచ్చుకోలే సార్. తబలా ఎడమ చెయ్యి వినపడాలని పెట్టిచ్చుకున్న" అన్నాడు. సబ్‌ఊఫర్ దేనికో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఫ్రిజ్ అంత పెట్టెను చిన్నది చేసిన మాస్టారు

1950లలో అమెరికాలో మంచి బేస్ కావాలంటే గదిలో బీరువా అంత పెట్టె పెట్టుకోవాల్సిందే. న్యూయార్క్‌లో పాఠాలు చెప్పుకునే ఎడ్గర్ విల్చర్‌కి ఆ పెద్ద పెట్టెతో పేచీ వచ్చింది. అప్పటి స్పీకర్లలో కోన్‌ను వెనక్కి లాగే బిగువంతా దాని అంచులో, వెనకనున్న గుడ్డ స్ప్రింగులో ఉండేది. కోన్ ఎక్కువ కదిలితే ఆ బిగువు హెచ్చుతగ్గులై శబ్దం వంకరపోయేది. విల్చర్ ఆ బిగువును బాగా సడలించి, స్పీకర్‌ని గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగించాడు. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డుపెట్టి నొక్కితే పిడి ఎలా వెనక్కి తన్నుకొస్తుందో, పెట్టెలో చిక్కుకున్న గాలి కోన్‌ను అలా వెనక్కి నెట్టింది. ఏ గుడ్డ స్ప్రింగూ ఇవ్వలేనంత సమంగా నెట్టింది.

తన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకూస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, 1954లో ఏఆర్-1 స్పీకర్‌ను బయటికి తెచ్చాడు. పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి ఆర్గన్ వాద్యం అట్టడుగు స్వరం వినపడింది. ఇవాళ మన కారు డిక్కీలో కూర్చునే ప్రతి సీల్డ్ బాక్సూ ఆ ఏఆర్-1కి వారసురాలే.

> బాక్స్: హాఫ్‌మన్ ఉక్కు సూత్రం
> హెన్రీ క్లాస్ ఆ తర్వాత పెట్టిన కేఎల్‌హెచ్ కంపెనీలో 'హెచ్' అంటే ఆంటన్ హాఫ్‌మన్. ప్రఖ్యాత పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు. ఆయన పేరుతో నిలిచిన సూత్రం ఇది: చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం. ఈ మూడింట్లో ఏ రెండైనా దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. చిన్న కారువాడు పెట్టె చిన్నదిగానూ, బేస్ లోతుగానూ ఉండాలంటాడు కాబట్టి వదులుకోవాల్సింది మూడోది. అంటే యాంప్లిఫయర్‌లో వాట్లు ఎక్కువ పెట్టుకోవాలి.

డబ్బా వెనక ఉన్న ఆ ఒక్క అంకె

ఆస్ట్రేలియాలో 1961లో నెవిల్ థీల్, తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ స్పీకర్ స్వభావాన్ని కొన్ని అంకెల్లోకి దింపారు. ఆ అంకెలే ఇవాళ ప్రతి మంచి సబ్‌ఊఫర్ కాగితం మీద ఉంటాయి. చిన్న పెట్టె మనసులో పెట్టుకున్నవారు వాటిలో ముఖ్యంగా చూడాల్సింది 'వ్యాస్' అనే అంకె. స్పీకర్ బిగువుకు సమానమైన బిగువు ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందో చెప్పేది ఇది. స్పీకర్ ఎంత వదులుగా ఉంటే ఈ అంకె అంత పెద్దది.

ఒక ఉదాహరణ చూద్దాం. స్పీకర్ సహజంగా ఊగే వేగం 30 హెర్ట్జ్, వ్యాస్ 60 లీటర్లు. దాన్ని 20 లీటర్ల పెట్టెలో పెడితే ఆ ఊగే వేగం సరిగ్గా రెట్టింపై 60 హెర్ట్జ్‌కి చేరుతుంది. స్పీకర్ మ్యాగ్నెట్ పట్టు సరిగ్గా ఉంటే ఇది చక్కటి ఫలితం. అదే స్పీకర్‌ని ఏడున్నర లీటర్ల డబ్బాలో ఇరికిస్తే 90 హెర్ట్జ్. అప్పుడు అన్ని పాటలూ ఒకే స్వరం దగ్గర గుబగుబలాడతాయి. డోలు, తవిల్, బేస్ గిటార్ ఏది వాయించినా ఒకటే మోత. ఆటోనగర్ షాపతను 'మోత వస్తది, పాట రాదు' అన్నది దీని గురించే.

మరి ఏడున్నర లీటర్లే ఉంటే? వ్యాస్ 22, 23 లీటర్లున్న స్పీకర్ వెతకండి. ఊగే వేగం మళ్లీ రెట్టింపు దగ్గరే ఆగుతుంది. ఎక్కువగా 8 అంగుళాలవీ, కొన్ని 10 అంగుళాలవీ ఇలా ఉంటాయి. వీటి కోన్ బరువుగా, మ్యాగ్నెట్ బలంగా ఉంటుంది. చోటు తక్కువని ఇలాంటి స్పీకర్ కొనడం రాజీ అనుకోనక్కర్లేదు. ఆ పెట్టెలో గోడ మీది 12 అంగుళాల దానికన్నా ఇదే తప్పకుండా బాగా పాడుతుంది.

అంగుళాలకూ విలువ లేకపోలేదు. 12 అంగుళాల కోన్ నెట్టే గాలిని 8 అంగుళాలది నెట్టాలంటే రెట్టింపుకు పైగా దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. 60 హెర్ట్జ్ నుంచి 30కి దిగితే అంతే శబ్దానికి నాలుగు రెట్ల కదలిక కావాలి. అందుకే చిన్న స్పీకర్ కొనేటప్పుడు 'ఎక్స్‌మ్యాక్స్' అనే అంకె కూడా అడగండి. కోన్ గాడి తప్పకుండా ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో అది చెబుతుంది. అది లేని డబ్బాను కొనకపోవడమే మంచిది.

> బాక్స్: బయట 29, లోపల 17
> 18 ఎంఎం ఎండీఎఫ్ చెక్కతో 40 సెం.మీ. పొడవు, 36 ఎత్తు, 20 లోతు ఉన్న పెట్టె చేయించారనుకోండి. బయటి కొలతల ప్రకారం 28.8 లీటర్లు. చెక్క మందం తీసేస్తే లోపల మిగిలేది 19.3 లీటర్లు. స్పీకర్ మ్యాగ్నెట్, ఫ్రేము మరో లీటరున్నర, రెండు లీటర్లు ఆక్రమిస్తాయి. చివరికి చేతికి వచ్చేది 17 పైచిలుకు. స్పీకర్ కాగితం మీద ఘనపు అడుగుల్లో రాసి ఉంటే ఒక ఘనపు అడుగుకు 28.3 లీటర్లని గుర్తుంచుకోండి. దిండ్లలో నింపే రెక్రాన్ దూదిని పెట్టెలో వదులుగా సర్దితే, కోన్‌కు పెట్టె అసలుకన్నా కాస్త పెద్దదన్నట్టే ఉంటుంది.

కారు చేసే సాయం

చిన్న కారు ఉన్నవారికి ప్రకృతి ఇచ్చిన ఓ వరం ఉంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారు క్యాబిన్ రెండున్నర మీటర్లు. తరంగం పట్టనంత చిన్న చోట కోన్ కదిలితే గాలి ఒత్తిడే మొత్తంగా హెచ్చుతగ్గులవుతుంది. దానివల్ల సుమారు 60, 70 హెర్ట్జ్ కింద, స్వరం దిగేకొద్దీ శబ్దం పెరుగుతూ పోతుంది. సీల్డ్ బాక్సులో అదే చోట శబ్దం తగ్గుతూ పోతుంది. ఈ పెరుగుదల, ఆ తరుగుదల దాదాపు ఒకటికొకటి సరిపోతాయి. ఇంటి హాల్లో సన్నగా వినపడే చిన్న సీల్డ్ పెట్టె కారులోకి రాగానే నిండుగా మోగే రహస్యం ఇదే. క్యాబిన్ చిన్నదైతే ఈ సాయం ఇంకాస్త పైస్వరం నుంచే మొదలవుతుంది. డిక్కీ వేరుగా మూసుకుపోయే సెడాన్లలో మాత్రం కొంత బేస్ అక్కడే చిక్కుకుపోతుంది.

'పోర్టు పెట్టించండి, ఇంకా దద్దరిల్లుద్ది' అని సలహా ఇచ్చేవారుంటారు. పెట్టెకు గొట్టం పెడితే ఒక స్వరం దగ్గర శబ్దం నిజంగానే పెరుగుతుంది, పెద్ద పెట్టెకు అది మంచి పద్ధతే. చిన్న పెట్టెకు మాత్రం లెక్క కుదరదు. 20 లీటర్ల పెట్టెను 35 హెర్ట్జ్‌కి సర్దాలంటే 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం 89 సెంటీమీటర్ల పొడవుండాలి. అంత గొట్టం ఆ పెట్టెలో ఎక్కడ పడుతుంది? సన్నటి గొట్టం పెడితే పొడవు తగ్గుతుంది, గాలి బుసలు కొడుతుంది. 20 లీటర్ల లోపు అయితే సీల్డ్ బాక్సే నా ఓటు.

వాట్ల మాయ

డబ్బా మీద '1500 వాట్స్' అని బంగారు అక్షరాలుంటాయి. అది ఒక్క క్షణం తట్టుకునే అంకె. మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, నిలకడగా గంటలతరబడి ఇచ్చేవి. పెద్ద అంకె వేసి అసలు అంకెను దాచిపెట్టే స్టిక్కర్ల వల్ల ఎందరు కుర్రాళ్లు మొదటి జీతం డబ్బు పారేసుకుంటున్నారో తలచుకుంటే బాధేస్తుంది. కాగితంలో ఆర్‌ఎంఎస్ దొరక్కపోతే ఆ షాపు మెట్లు దిగేయడమే నయం.

చిన్న పెట్టె స్పీకర్‌కి వాట్లు ఎక్కువ కావాలన్నాం కదా, అదీ కొలతలోనే. 300 ఆర్‌ఎంఎస్ వాట్ల డీ-క్లాస్ యాంప్ పూర్తిగా పనిచేస్తే బ్యాటరీ నుంచి సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. చిన్న కారు ఆల్టర్నేటర్‌కి ఏసీ, లైట్లు, ఫ్యాను కూడా ఉన్నాయి. 200 నుంచి 300 వాట్ల దగ్గర ఆగితే బండికీ, చెవికీ మంచిది. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి కాస్త పెరిగినట్టనిపిస్తుందంతే.

చెక్క పని చేసే చేతులు

ఊఫర్ గురించి ఇంత మాట్లాడతాం గానీ పెట్టె చేసే వడ్రంగిని ఎవరూ పట్టించుకోరు. ఆటోనగర్ సందులో కార్ల బాక్సులే చేసే ఓ పెద్దాయన ఎండీఎఫ్ ముక్కల అంచులకు ఫెవికాల్ పూసి, స్క్రూలు బిగించి, లోపలి మూలమూలకూ మళ్లీ జిగురు దారగా పోస్తాడు. స్పీకర్ బిగించాక రెండు అరచేతులూ కోన్ మీద పరిచి మెల్లగా లోపలికి నొక్కి వదిలాడు. కోన్ బద్ధకంగా, నిదానంగా పైకి వచ్చింది. "ఇట్టా రావాలండీ. టక్కున లేచిందంటే ఎక్కడో గాలి పోతన్నట్టు" అన్నాడు. అది చాలక, వైరు బయటికొచ్చే చోట తడిచేయి పెట్టి గాలి తగులుతోందా అని కూడా చూశాడు. వేలు పోసి కొన్న స్పీకర్ విలువ ఆ జిగురు మీదే ఆధారపడి ఉంటుంది. బేరం ఎక్కడైనా ఆడండి గానీ ఆయన దగ్గర ఆడొద్దు.

డిక్కీలో అంగుళం కూడా ఇవ్వలేనివారికి వేరే దారులున్నాయి. సీటు కింద దూరే యాంప్‌తో కలిసిన ఊఫర్లు 7, 8 సెంటీమీటర్ల ఎత్తులో దొరుకుతున్నాయి. పయనీర్, జేబీఎల్ లాంటివి 8 అంగుళాల స్పీకర్‌తో వీటిని చేస్తున్నాయి. అద్దాలు ఊగవు గానీ, పాట నిండుతుంది. జేబీఎల్ బేస్‌ప్రో హబ్ అయితే స్టెప్నీ చక్రం గుంటలోనే కూర్చుంటుంది. 11 అంగుళాల స్పీకర్, 200 వాట్ల యాంప్ అన్నీ అందులోనే. కాకపోతే మీ బండి స్టెప్నీ డిక్కీ లోపల ఉందా, బండి అడుగున ఉందా అన్నది ముందే చూసుకోవాలి. సీటు కింద పెట్టించేవారు వెనక కూర్చునేవారి కాళ్లకు చోటుందో లేదో, ఏసీ గాలి గొట్టం అడ్డమో కాదో కూడా చూడాలి.

వెనక సీటు వాళ్ల మాటేంటి?

డిక్కీలో పెట్టె అంటే వెనక కూర్చున్న అమ్మమ్మ వీపుకు ఆనుకుని ఉన్నట్టే. ముందు కూర్చున్నవాళ్లకు హాయిగా ఉన్న బేస్ ఆమెకు కడుపులో తిప్పినట్టుంటుంది. చంటిపిల్లలు మాట చెప్పలేరు. శబ్దం సర్దేటప్పుడు స్టీరింగ్ ముందు కూర్చుని కాకుండా వెనక సీట్లోకి వెళ్లి వినడం ఇంట్లో అందరి మీదా ఉన్న గౌరవం.

వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్ల దాకా వింటే చెవికి ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెళ్లయితే వారానికి నాలుగు గంటలే. పోయిన వినికిడి తిరిగి రాదు. సీల్డ్ పెట్టెను మనకిచ్చిన విల్చర్ 1967లో కంపెనీ అమ్మేసి, ఆ తర్వాతి కాలాన్ని వినికిడి యంత్రాలను మెరుగుపరచడానికే వెచ్చించాడు. ఆ పరిశోధనకు పేటెంటు తీసుకోకుండా అందరికోసం ప్రచురించాడు. బేస్ పంచిపెట్టిన మనిషి చెవుల గురించి అంతగా ఆలోచించాడు.

> బాక్స్: చట్టం ఏమంటోంది?
> 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. వాహనం శబ్ద ప్రమాణాలను ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) కింద తొలి తప్పుకే రూ.10,000 వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్స్ మీద మూడు నెలల వేటు కూడా.

బిగించే రోజు దగ్గరుండండి

బ్యాటరీ నుంచి యాంప్‌కి వెళ్లే వైరు అచ్చమైన రాగిదై ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూతేసినవి చవగ్గా దొరుకుతాయి, వేడెక్కుతాయి. బ్యాటరీకి ఒకటిన్నర అడుగు లోపే ఫ్యూజు పెట్టించండి. ఇంజిన్ గదిలోంచి లోపలికి వైరు వచ్చే రంధ్రానికి రబ్బరు వాషర్ ఉండాలి. ఇనుప అంచుకు రాసుకుని తొడుగు తెగితే మంటలు లేచేది అక్కడే. సీఎన్జీ బండిలో సిలిండర్ పట్టీలకూ, గ్యాస్ పైపుకూ ఆనించి పెట్టె గానీ వైరు గానీ పెట్టనీయొద్దు. ఫ్యాక్టరీ వైరు కోయకుండా కప్లర్‌తో కలిపే కిట్లు చాలా మోడళ్లకు దొరుకుతాయి, వారంటీ గొడవ రాకుండా అవే అడగండి.

ఊఫర్‌కి కింది స్వరాలే పంపే క్రాసోవర్ మీటను యాంప్ మీద 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, ఊఫర్ పాలు పెంచే గెయిన్‌ని అట్టడుగు నుంచి మెల్లగా పెంచండి. చిన్నప్పటినుంచీ తెలిసిన పాట ఒకటి వినండి. బేస్ వెనక డిక్కీలోంచి వస్తున్నట్టు తెలిసిపోతే గెయిన్ ఎక్కువైనట్టు. ముందు డ్యాష్‌బోర్డ్ వైపునుంచే వస్తున్నట్టుంటే సరిపోయింది. 'బేస్ బూస్ట్' మీటను సున్నా దగ్గరే ఉంచండి, చిన్న పెట్టెలో కాయిల్ మాడేది ఎక్కువగా దానివల్లే.

పెట్టెను బెల్టుతో గానీ బోల్టులతో గానీ కట్టించండి. 15 కిలోల చెక్క, ఇనుము సడన్ బ్రేకుకు వెనక సీటు మీదికి దూసుకొస్తాయి. స్పీకర్ వైరుకు ఊడదీసే ప్లగ్గు కూడా పెట్టించుకుంటే, ఊరెళ్లే రోజు పెట్టెను ఇంట్లో దించేసి ఆ చోట సామాను సర్దుకోవచ్చు.